కెటిలక్క దాచిన సంగతి

కెటిల్ అనగానే ఎవరికైనా టీ గుర్తుకు వస్తుంది. ఆ పుస్తకాల బైండింగు షాపులో మాత్రం ఆ మాటకు పనికొక అర్థం ఉండేది. గట్టిపడిన జిగురు పలచన కావాలన్నా కెటిలే, పాత అట్ట చిరగకుండా ఊడిరావాలన్నా కెటిలే, పడిశం పట్టినవారికి ఆవిరి కావాలన్నా కెటిలే. టీ వంతు అన్నిటికంటే చివర. ఈ పనులన్నీ చూసుకునే ఆమెను అందరూ కెటిలక్క అనేవారు. అసలు పేరు ఆమెకే అప్పుడప్పుడు కొత్తగా తోచేది.

ఇప్పుడు ఏ పేరుతో పిలిచినా సరిగా వినబడటం లేదు. అదే ఆమె బెంగ. చలికాలం మొదట్లో కుడిచెవి మందగించింది. ఎడమచెవీ దాని దారే పట్టింది. కూతురికి చెబితే పని మాన్పిస్తుందని చెప్పలేదు. షాపులో అసలే చెప్పలేదు. నీళ్లు మరిగాయని చెప్పేది కెటిల్ మూతికున్న ఈల. ఆ ఈల వినలేని మనిషిని పొయ్యి దగ్గర ఎవరు ఉంచుతారు? అందుకే పొయ్యి ఉన్న బల్లకు అరచేయి ఆనించి, అదురు తెలిసే వరకూ కదిలేది కాదు. మొన్న కాస్త ఏమరితే నీళ్లన్నీ ఇగిరి అడుగు మాడింది. "తక్కువ పోశాను" అని బొంకింది.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది. ఎన్నిసార్లు పిలవాలి నిన్ను?" అంటూ షాపులో పుస్తకాలు కుట్టే వదిన ఎదుటికి వచ్చి నవ్వితే, తానూ నవ్వింది. చూపు మాత్రం వదిన పెదవుల మీంచి తీయలేదు.

ఆ రోజు పెద్దమేస్త్రి ముందు ఎప్పుడో తడిసి పుటలు అతుక్కుపోయిన పాత నిఘంటువు ఉంది. ఆవిరి చాలకపోతే పుటలు చిరుగుతాయి. ఆయన తలెత్తాడు. ఆ పెదవుల కదలిక ఆమెకు కంఠతా వచ్చినదే.

"ఈల వేసిందా అమ్మాయ్?"

"ఇప్పుడే వేసింది బాబాయ్."

ఆయన చేయి ఆగింది. జేబులోంచి ఒక చిన్న మూత తీసి బల్లమీద పెట్టాడు. ఈల మూత. సున్నపు పొర గీకుదామని పొద్దున ఆయనే ఊడదీసి, ఆ సంగతి మరిచి అలవాటుగా అడిగాడు. ధ్యాసంతా అరచేతి మీదే ఉన్న ఆమె, కెటిల్ మూతి వైపు చూడనే లేదు.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు, మాట మాటకూ పెదవులు విప్పి.

"చలికాలం నుంచి. పని తీసేయకండి బాబాయ్. మరిగేది చేతికి తెలుస్తుంది."

"అడుగు మాడిన రోజు తెలిసిందా?"

ఆమె తల వంచుకుంది. ఆయన వేలితో బల్ల తట్టి తల ఎత్తించాడు.

"మరిగే నీళ్లతో దాగుడుమూతలేమిటమ్మా? ఒళ్లు కాలితే ఎవరిది పూచీ? పైకెళ్లి అమ్మగారికి నువ్వే చెప్పు. నేను చెబితే చాడీ అవుతుంది."

"ఉంచమని మీరైనా అంటారా?"

"నన్నడిగితే అంటాను. ఆవిడ అడగాలిగా."

ఆమె మెట్లెక్కి యజమానురాలి గది తలుపు తట్టింది. రమ్మన్నారో, ఆగమన్నారో, అసలేమీ అనలేదో తెలియలేదు. తలుపుకు చెవి ఆనిస్తే చెక్క చల్లదనం తప్ప మరేమీ అందలేదు. సాయంత్రం కూతురితోనూ ఇదే చెప్పాలి. మళ్లీ తట్టింది. ఎంత గట్టిగా తట్టిందో, వెనక్కి తిరిగి చూస్తే, కింద వదిన సూది పట్టుకున్న చేయి ఆపి నోరు తెరుచుకుని నిలబడి ఉంది.

తలుపు తెరుచుకుంది.

"నాకు చెవులు వినబడటం లేదమ్మగారూ" అంది ఆమె, ఎదుటి పెదవులు కదలకముందే.