చీమలు చదివిన డబ్బా

అర్థం తెలియని ఒక ఇంగ్లీషు మాటను తెలిసినట్టే చదివి చెప్పి, ఆ రోజు నేను మా అవ్వకు హాని చేశాను.

అవ్వకు చక్కెర జబ్బు. కాలి పుండు మానక నీరసపడిపోయింది. రామన్నపేటలో బలం పొడి డబ్బా కొని, ఇక అవ్వ లేచి తిరుగుతుందన్న సంబరంతో సైకిలు తొక్కుకుంటూ వచ్చాను. డబ్బా మీద కండలు తిరిగిన పిల్లవాడి బొమ్మ, కింద సన్నటి అక్షరాలు.

"గిందుల చక్కెర లేదు గద బిడ్డా?" అని అడిగింది అవ్వ.

చక్కెర అన్న మాట ఎక్కడా లేదు. గ్లూకోజ్ అని ఉంది. దవాఖానలో నీరసపడ్డవాళ్లకు ఎక్కించేదే కదా, మందే అనుకున్నాను.

"లేదవ్వా, ఫికర్ లేకుంట తాగు." అవ్వ ఆ పూటే ఒక గ్లాసు తాగింది.

మా వాడకట్టులో, ఇరుగుపొరుగు ఇళ్లల్లో, అదే జబ్బుండి ఆ పొడే తెచ్చుకున్న మరో ఇద్దరికీ అలాగే చెప్పాను.

మర్నాడు పొద్దున డబ్బా చుట్టూ చీమల బారు!

"చీమలకు ఇంగ్లీషు ఎవలు నేర్పిన్రు రా? నీకన్న మంచిగ చదివినయి!" అని అవ్వ పకపకా నవ్వింది.

డబ్బా పట్టుకుని దవాఖానకు పరుగెత్తాను. గ్లూకోజ్ కూడా చక్కెరేనని డాక్టరు గట్టిగా మందలించాడు. అటునుంచి అటే ఆ రెండిళ్లకూ పోయాను.

"నాకు తెల్వకనే తెలిసినట్టు చెప్పిన. అది తాగకుండ్రి" అని ఒప్పుకున్నాను.

ఇంటికొచ్చి పుండు కడిగి కట్టు కట్టి, నా చేత్తోనే జొన్న గట్క వండిపెట్టాను. అడుగంటింది.

"మాడితే మాడింది గని, తియ్యగైతె లేదు" అంటూ అవ్వ ఇంకో ముద్ద తీసుకుంది.