కళ్ళు తెరిచి చేసిన ప్రార్థన

మొన్న ఆదివారం నాందేడ్‌లో మా సంఘ పాస్టరుగారు "కళ్ళు మూసుకుందాం" అనగానే తలలన్నీ వంగాయి. ఇక వినిపించింది పాత ఫ్యాను చప్పుడొక్కటే. కిర్రు, టక్కు, కిర్రు, టక్కు. సెలవు మీద ఇంటికొచ్చిన నేను మాత్రం కళ్ళు తెరిచే ఉన్నాను. ఫ్యాను ఊగుతోంది. కడ్డీ పైనున్న గిన్నెలాంటి మూత జారి, ఫ్యానును పట్టుకున్న బోల్టు బయటపడింది. మెల్లగా లేచి స్విచ్చి ఆపి వచ్చాను. అమ్మ తన కళ్ళు తెరవకుండానే నా మోచేయి గిల్లింది. నా లోపల ప్రార్థన ఆగలేదు. చూపు మాత్రం ఆ బోల్టు మీదే ఉంది. ఈ అలవాటు దేవదానం మామ పెట్టింది.

మామ మాకు చుట్టం కాడు. మా నాన్నలాగే నిజామాబాద్ వైపు మనిషి. రోడ్లు లేని కొండల్లో రోగులనూ, మందులనూ, సువార్తికులనూ మోసే మిషన్ విమానాలకు చాలా ఏళ్ళు మెకానిక్‌గా పనిచేసి, నాందేడ్‌లో స్థిరపడ్డాడు. పంపుసెట్లు బాగుచేసేవాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో, ఎగరడానికి పనికిరాదని తేల్చిన విమానం ఇంజను ఒకటి స్టాండు మీద ఉండేది. మరాఠీ ఇరుగుపొరుగు ఆయన్ని "విమాన్‌వాలే కాకా" అనేవారు. రైల్వేలో నాన్న బదిలీల వల్ల బడి లేక, అమ్మ దగ్గరే చదువుకున్నదాన్ని నేను. విమానాల పని నేర్చుకుంటానంటే నవ్వకుండా విన్నవాడు మామ ఒక్కడే. "గాజులు తీసి రా బిడ్డా" అన్నాడు, అంతే.

పని మొదలుపెట్టే ముందు రోజూ ప్రార్థన. నేను కళ్ళు మూసుకునేదాన్ని. ఒకరోజు మధ్యలో తెరిచి చూద్దును కదా, మామ ఇంజను మీద చెయ్యి వేసి, కళ్ళు విప్పార్చుకుని దేవుడితో మాట్లాడుతున్నాడు. నాకు మనసు చివుక్కుమంది.

"కండ్లు మూసుకోవా మామా?"

"ఇంట్ల మూసుకుంట, గుళ్ళె మూసుకుంట. ఈడ మూసుకుంటే ఎట్ల?"

"దేవునికి అన్నీ కనవడ్తయి గద."

"ఆయనకు కనవడ్తయి. నీకు కనవడాలనే కండ్లిచ్చిండు. ఒకపారి అందరు కండ్లు మూసుకొని ప్రార్థన జేస్తున్నరు, నేను జూస్తుంటే రెక్క కింద నూనె కారవట్టింది. నేను జూడకపోతే, ఆమెన్ అన్నంక విమానం అట్లనే లేస్తుండె."

సమాధానం నచ్చలేదు. భక్తి తక్కువనుకున్నాను.

రెండేళ్ళకు విమాన మెకానిక్కుల శిక్షణకు దరఖాస్తు పెట్టుకున్నాను. ఇంజను మొత్తం నేనే బిగించాననీ, తాను తనిఖీ చేశాననీ మామ ఉత్తరం రాయాలి. పది రోజులు కూర్చుని బిగించాను. ఆయన చూసి సంతకం పెట్టాడు. ఆ మధ్యాహ్నమే పోస్టులో వెయ్యాలి, గడువు దగ్గరపడింది. నాన్న అమ్మను వెంటబెట్టుకుని పేడాల డబ్బా తెచ్చాడు, ఉత్తరం జేబులో పెట్టుకుని ఇంజను ముందు కృతజ్ఞతా ప్రార్థన మొదలుపెట్టాడు. నాన్న ప్రార్థనలు పొడుగు. నా చేతిపనిని ఇంకోసారి చూసుకోవాలన్న మురిపెంతో కళ్ళు తెరిచాను.

థ్రాటిల్ నట్టుకు స్ప్లిట్ పిన్ను లేదు. నట్టు వదులై ఊడిపోకుండా రంధ్రంలో గుచ్చి, రెండు కాళ్ళూ వంచే సన్నని పిన్ను అది. రంధ్రం ఖాళీగా ఉంది. చెబితే ఒక సంవత్సరం పోతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు, ఆ ఇంజను ఎన్నడూ ఎగరదు. నాన్న ప్రార్థన ఇంకొంచెం సాగితే బాగుండుననిపించింది. అప్పుడే ఆమెన్ అన్నాడు.

"మామా, థ్రాటిల్ నట్టుకు పిన్ను లేదు."

మామ వంగి, కళ్ళతో కాదు, వేలితో తడిమాడు. "లేదు" అన్నాడు. నాన్న వైపు చెయ్యి చాపాడు. "ఉత్తరం ఇటియ్యి తమ్మీ."

"ఇప్పుడే పెడ్తది గద అన్నా. ఎగిరే ఇంజనా ఇది?"

"ఎగరకపోతేంది? అంతా జూసిన అని రాసిన. నేను జూడలే." తన సంతకం మీద తనే గీత కొట్టాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామే డబ్బా తెరిచి, "పేడాలు తినుండ్రి, వాటిల తప్పేం లేదు" అన్నాడు.

మర్నాడు ఇంజను మొత్తం విప్పించాడు. ఆ వారమే, ఎన్నాళ్ళుగానో వాయిదా వేస్తున్న కంటిపొర ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు. "ముందు నా కండ్లు బాగుచేసుకుంట, తర్వాత నీ పని జూస్త." పోయిందనుకున్న సంవత్సరమే నాకు బాగా కలిసొచ్చింది. నా పని ఆయన చూసేవాడు, ఆయన పని నన్ను చూడమనేవాడు. తప్పు పడితే మురిసిపోయేవాడు. "దొరికిన్నా" అని టీ పెట్టేవాడు. మరుసటి ఏడు రాసిన ఉత్తరంలో చివర ఒక వాక్యం ఎక్కువ ఉంది: "ఈ అమ్మాయి తన తప్పు తానే చూసి, తానే చెప్పింది." సీటు వచ్చింది.

మామ ప్రభువు దగ్గరికి వెళ్ళి రెండేళ్ళయింది. ఇప్పుడు నేను బాగుచేసే మిషన్ విమానం బయల్దేరే ముందు పైలటూ ప్రయాణికులూ తలలు వంచుతారు. నేను చక్రం నుంచి రెక్క దాకా తడుముకుంటూ ప్రార్థిస్తాను. ఇలాంటి పని నాలాంటిదానికి దొరకడం దేవుని దయ కాక మరేమిటి?

ఆదివారం ఆరాధన అయ్యాక స్టూలు అడిగాను. సంఘపెద్ద ఒకాయన మెయిన్ స్విచ్చి ఆపి, స్టూలు పట్టుకున్నాడు. ఎక్కి చూస్తే అనుకున్నట్టే బోల్టుకు పిన్ను లేదు, నట్టు సగం దాకా తిరిగిపోయింది. బిగించి, నా సంచిలో కొత్త నిబంధన పక్కనే ఎప్పుడూ ఉండే పిన్నుల డబ్బీలోంచి సరిపోయేది ఒకటి గుచ్చి, కాళ్ళు వంచాను. దిగి ఆయన్ని ఎక్కమన్నాను.

"నాకేం దెలుస్తదమ్మా?"

"పిన్ను రెండు కాళ్ళూ వంగినయా లేదా, అంతే చూడుండ్రి."

ఆయన ఎక్కి, కళ్ళద్దాలు సర్దుకుని, చాలాసేపు చూశాడు.

"వంగినయి" అన్నాడు.

అప్పుడు ఆమెన్ అనుకున్నాను.