తిథి తెలియనివాళ్ళు

మొన్న స్టోర్‌లో గాజు గ్లాసులో పోసిన కొవ్వొత్తి చూడగానే మిసెస్ రోజ్ గుర్తొచ్చింది. ఎనభైలలో, పార్సిప్పనీ అనే ఊళ్ళో, అమ్మ ఆఫీస్ నుంచి వచ్చేదాకా పక్క అపార్ట్‌మెంట్‌లో నన్ను చూసుకున్న ముసలావిడ.

ఒక సాయంత్రం ఆవిడ కిచెన్‌లో అలాంటివి రెండు వెలుగుతున్నాయి. నన్ను తీసుకెళ్ళడానికొచ్చిన అమ్మతో, “ఆంటీ వాళ్ళకి దీపావళి” అన్నాను.

మిసెస్ రోజ్ తల అడ్డంగా ఊపింది. “ఇవి మా అమ్మకీ చెల్లికీ. పోయినవాళ్ళకి వాళ్ళు పోయిన రోజున వెలిగిస్తాం. పోలండ్‌లో నాజీలు తీసుకెళ్ళిపోయారు. ఏ రోజు చంపారో తెలీదు. అందుకే ఈ రోజని నేనే అనుకున్నాను.”

అమ్మ మెల్లిగా అంది. “తిథి తెలీనివాళ్ళకి మాకూ ఒక రోజుంది. మహాలయ అమావాస్య. వాళ్ళ పేర్లేంటి?”

“హన్నా. రూత్.”

ఆ అమావాస్యకి అమ్మ బాల్కనీలో పేపర్ ప్లేట్ పెట్టి, తాతయ్య పేరు చెప్పి ఒక అన్నం ముద్ద పెట్టింది. హన్నా అని ఇంకొకటి, రూత్ అని ఇంకొకటి.

పక్క బాల్కనీలో మిసెస్ రోజ్ నిలబడి ఉంది. మాలాగే కాకి కోసం చూస్తోందనుకున్నాను. ఆ పేర్లు మరొకరి నోట వినడానికి వచ్చిందని ఇప్పుడనిపిస్తుంది.