ఫేబీ ఆటకు ఎడమ కుడి లేవు

తెర ఏ గోడకు కట్టాలో నాకు చెప్పే సాహసం ఇరవై ఆరేళ్ళలో ఒక్కరే చేశారు. ఆ మనిషి పేరు ఫేబీ. ఇరవై ఏడేళ్ళ పిల్ల, బక్కపలచగా ఉంటుంది. మాట మాత్రం కుండ బద్దలు కొట్టినట్టే.

నా పేరు జడ్సన్. కావలి ట్రంకు రోడ్డులో మైకు సెట్లు, ప్రొజెక్టర్లు అద్దెకిచ్చే షాపు నాది. పెళ్ళిళ్ళకీ, సువార్త సభలకీ, క్రికెట్ ఫైనల్సుకీ తెరలు కట్టీ కట్టీ చేతులు కాయలు కాశాయి. నాకు ముక్కు మీద కోపమని ఊళ్ళో పేరు. ఉంది, కాదనను. మీ వైర్ల మీద పెళ్ళివారు చెప్పులతో నడిచిపోతుంటే మీకూ వస్తుంది.

ఇన్నేళ్ళలో నేను నేర్చుకున్నది చూసేవాళ్ళ గురించే. పెళ్ళికూతురు పది అడుగుల దూరంలో పీటల మీద కూర్చుని ఉంటుంది. అయినా జనం తెరవైపే చూస్తారు. ఎందుకంటే ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తెరమీద కనబడతాయి. చూసేవాడికి కావలసింది ఎదుటివాడి మొహం. ఈ సంగతి ఒకసారి ఫేబీతో మాటవరసకు అన్నాను. అన్న పాపానికి నా జీవితంలో మూడు నెలలు ఆమె వీడియో గేముకి రాసిచ్చినట్టయింది.

ఫేబీ వాళ్ళ నాన్న రవి కుమార్ మాస్టారు. వాకాడు అవతల ఒక సముద్రపొడ్డు పల్లెలో పద్నాలుగేళ్ళు పనిచేశాడు. ఫేబీ, వాళ్ళన్న ఫ్రెడ్డీ అక్కడే పెరిగారు. ఆ పల్లెలో ఒడ్డుకు లాగే పెద్ద వల ఉండేది. పడవ వల పరుచుకుంటూ సముద్రంలోకి వెళ్ళి, చుట్టు తిరిగి ఒడ్డుకు వస్తుంది. రెండు వైపులా తాళ్ళు పట్టుకుని మనుషులు లాగుతారు. పడవలో ఉన్నవాళ్ళకి చుట్టూ నీళ్ళు తప్ప ఇంకేమీ కనబడదు. ఇసుక దిబ్బ మీద నిలబడ్డ హజరత్తయ్యకి మాత్రం నీళ్ళ కింద నల్లగా కదిలే కవళ్ళ చేపల గుంపు కనబడేది. ఆయన భుజం మీది ఎర్ర తుండు తీసి ఊపితే పడవ అటు తిరిగేది. ఆయన వెనక ఊరంతా నిలబడి గోల చేసేది.

"ఒడ్డున కూర్చుని ఎన్నైనా చెప్తారు" అని మనం తేలిగ్గా అనేస్తాం. ఆ పల్లెలో ఆ మాట అంటే మొహం మీదే నవ్వుతారు. ఒడ్డున ఉన్నవాడు నోరు తెరవకపోతే అక్కడ వల ఖాళీ.

తర్వాత మాస్టారుకి కావలి బదిలీ అయింది. ఇంట్లోకి ఒక కంప్యూటర్ వచ్చింది. అది ఫ్రెడ్డీది. ఎవరు రాసిచ్చారని అడక్కండి, మగపిల్లాడు ముందు కూర్చుంటే ఆ కుర్చీ వాడిదే. ఆరేళ్ళపాటు వాడు ఆడాడు, ఈమె పక్కన స్టూలు మీద కూర్చుని చూసింది. వెనక నుంచి శత్రువు వస్తుంటే "ఒరే, ఎనక!" అని అరిచేది. వాడు చచ్చాక కోపమంతా ఈమె మీద చూపించేవాడు.

"నోరు మూసుకుని చూడు. చూసేదానికి నోరెందుకు?"

ఆ మాట ఫేబీ మరిచిపోలేదు. ఇప్పటికీ చెప్పేటప్పుడు పళ్ళు కొరుకుతుంది. చదువు అయ్యాక చెన్నైలో ఒక గేముల కంపెనీలో చేరింది. లాక్‌డౌన్‌లో ఇంటికొచ్చి కావలి నుంచే పని చేయడం మొదలుపెట్టింది. మూడేళ్ళు ఎవరో గీసిన ఆటలకి గోడలూ మెట్లూ పేర్చింది. నాలుగో ఏడు తన సొంత ఆట ఒకటి కంపెనీ ముందు పెట్టింది. దాని పేరు ఒడ్డు.

ఆట చాలా సులువు. ఆడేవాడు పడవలో ఉంటాడు. వాడి ముందున్న చిన్న తెరమీద పడవ చుట్టూ గుక్కెడు నీళ్ళే కనబడతాయి. పెద్ద తెర చూసేవాళ్ళది. అందులో చేపల గుంపు, నీళ్ళలో దాగిన ఇసుక తిప్పలు, అన్నీ కనబడతాయి. ఆడేవాడు పెద్ద తెరకి వీపు పెట్టి, జనానికి ఎదురుగా కూర్చుంటాడు. వాడి మొహం జనం చూడాలి, జనం మాట వాడు వినాలి. ఆ ఎదురుగా కూర్చోబెట్టడం నా పెళ్ళితెర మాట వల్ల వచ్చిందని ఫేబీయే ఒప్పుకుంది. అందుకే నాకు గర్వం. అందుకే అద్దె కూడా అడగలేదు.

మొదటి పరీక్ష నా షాపు వెనక గోడౌన్లో జరిగింది. ఆదివారం ఆరాధన అయ్యాక మా చర్చి ఆడవాళ్ళని పిలిచాం. ఫ్రెడ్డీ పడవలో కూర్చున్నాడు. ఆ ఆడవాళ్ళలో ఎవరూ పుట్టి బుద్ధెరిగి వీడియో గేము చూసినవాళ్ళు కారు. ఆసుపత్రిలో ఆయాగా రిటైరైన రెబెక్కమ్మ అయితే చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది, రెండు నిమిషాల్లో పోదామని. చేపల గుంపు కనబడగానే ఆమే ముందు అరిచింది.

"దక్షిణానికి పోరా అబ్బయ్యా, దక్షిణానికి!"

"ఎడమా కుడా చెప్పవ్వా!" అన్నాడు ఫ్రెడ్డీ.

"కుడి! కుడి!" అన్నారు నలుగురు. వాళ్ళ కుడి వీడికి ఎడమ. వీడు ఎదురుగా కూర్చున్నాడు కదా. పడవ వెళ్ళి తిప్ప మీదకెక్కింది. పదిసార్లు ఆడితే పదిసార్లూ ఇదే. చివరికి ఫ్రెడ్డీ రిమోట్ బల్లమీద పడేసి "మీరు నోరు మూసుకోండి, నేను ఆడతా" అన్నాడు. ఆడవాళ్ళు చిన్నబుచ్చుకుని ఇళ్ళకి పోయారు.

దీన్నంతా చెన్నై నుంచి ఫోన్లో చూశాడు నరేంద్రబాబు. ఫేబీ పైన అధికారి ఆయన. చెడ్డవాడు కాదు, తెలిసింది కొంచెం, నమ్మింది ఎక్కువ. ఆయన ఇచ్చిన తీర్పు ఇదీ: ఆడేవాడికే అన్నీ చూపించేద్దాం, చూసేవాళ్ళకి ఒక గుండె బొమ్మ ఇద్దాం, నచ్చితే నొక్కుతారు.

"ఆడేవాడికి అన్నీ కనబడితే ఇక చూసేవాళ్ళెందుకు సార్?" అంది ఫేబీ.

"ఎంతమంది చూశారన్న అంకె కోసం. వాళ్ళకి అంతకన్నా పనేం ఉంటుంది?"

నేను పక్కనే ఉన్నాను. ఆమె మొహం ఎర్రబడింది. చిన్నప్పుడు స్టూలు మీద విన్న మాటే ఇంగ్లీషు చదువుల్లోంచి తిరిగొచ్చింది మరి. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. నెల రోజుల్లో కావలిలోనే, ఆటలు తెలియని మనుషుల ముందు, ఇంకొక్క పరీక్ష. నరేంద్రబాబు స్వయంగా వస్తాడు. జనం గంటసేపు కుర్చీల్లో ఉంటే ఒడ్డు ఉంటుంది. లేచిపోతే ఒడ్డు తీసేసి, మామూలు పడవ ఆట చేస్తారు.

"ఒడ్డు తీసేస్తే నన్నూ తీసేసినట్టే సార్. నా రాజీనామా కూడా తయారుగా పెట్టుకుంటా" అంది ఫేబీ.

ఆ రాత్రి రాజీనామా మాట మీద ఇంట్లో ఏం గొడవ జరిగిందో నాకు తెలియదు. మర్నాడు పొద్దున్నే ఫేబీ బస్సెక్కి వాకాడు వైపు వెళ్ళింది, నన్ను కూడా లాక్కుని. హజరత్తయ్యకి ఇప్పుడు డెబ్భై దాటాయి. వల అల్లుతూ వరండాలో కూర్చుని ఉన్నాడు.

"తాతా, నువ్వు పడవవాళ్ళకి ఎడమ అని చెప్పేవాడివా, కుడి అని చెప్పేవాడివా?"

ముసలాయన పగలబడి నవ్వాడు. "ఎడమ కుడి అన్నం తినేదానికమ్మా. సముద్రానికి దిక్కులుండాయి. నేనిట్టా నిలబడినా, వాడట్టా నిలబడినా, దక్షిణం దక్షిణమే గదా?"

అంతే. తిరుగు బస్సులో ఫేబీ నా సంచీలోని కరపత్రం వెనక గీతలు గీస్తూనే ఉంది. పొరపాటు ఆడవాళ్ళది కాదు, తనది. రెబెక్కమ్మ మొదటే సరైన మాట చెప్పింది. ఆటకే ఆ మాట అర్థం కాలేదు. నెలలో ఆటంతా తిరగరాసింది. పెద్ద తెరమీద సముద్రం ఎప్పుడూ తూర్పున, పైన. పడవ ఎటు తిరిగినా బొమ్మ తిరగదు. పడవలోవాడి చిన్న తెర నాలుగంచుల మీదా దిక్కుల పేర్లు, వాడు కూర్చున్నచోట దక్షిణం ఎటుంటే తెరమీదా అటే. ఎడమ, కుడి అన్న మాటలు ఆటలో ఎక్కడా లేవు.

పరీక్ష రోజు వచ్చింది. మా చర్చి కమ్యూనిటీ హాలు, పొద్దున పది గంటలకి. నేను ఎనిమిదింటికే వెళ్ళి స్టేజి మీద తెర కట్టేసి టీ తాగుతున్నాను. ఫేబీ వచ్చి తెరవైపు చూసి ఆగిపోయింది.

"అంకుల్, ఇది పడమటి గోడ."

"అయితే ఏంది?"

"సముద్రం పడమట ఉంటుందా?"

నేను ఒంటికాలి మీద లేచాను. "బొమ్మలో సముద్రం ఏ గోడన ఉంటే ఏందమ్మా! స్టేజి ఈడుండాది, కరెంటు ఈడుండాది. తూర్పు గోడకి నాలుగు కిటికీలు, వెలుతురు మొహాన కొడతాది."

"కావలిలో ఎవర్ని నిద్రలేపి అడిగినా సముద్రం తూర్పున ఉందంటారు అంకుల్. పడమటి గోడమీద చూపిస్తే సగం మంది బొమ్మలో దక్షిణం చూపిస్తారు, సగం మంది హాల్లో దక్షిణం చూపిస్తారు. మళ్ళీ తిప్పమీదకే."

అప్పుడే దిగిన నరేంద్రబాబు అంతా విన్నాడు. "ఇంత గొడవెందుకు? రెండు బాణాలు పెట్టు, ఎడమకొకటి, కుడికొకటి. పది నిమిషాల పని" అన్నాడు.

"పెట్టను సార్."

ఫేబీ తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. నా నిచ్చెన నన్నడక్కుండా తీసుకుని, ఎక్కి, నేను కట్టిన ముళ్ళు తనే విప్పడం మొదలుపెట్టింది. తిట్టాను. గట్టిగానే తిట్టాను. తిడుతూనే వెళ్ళి కిటికీలకి టార్పాలిన్లు కట్టాను. ఏం చేస్తాం, ఆమె చెప్పింది నిజం. ఒక్కొక్కరే వస్తున్న ఆడవాళ్ళు నూటయాభై కుర్చీలనీ స్టేజికి వీపు పెట్టి తూర్పుకి తిప్పేశారు.

ఎవరు ఆడతారని అడిగితే నరేంద్రబాబు చొక్కా చేతులు మడిచాడు. "నేనే ఆడతా. మీ ఒడ్డు ఏం చేస్తుందో చూద్దాం." జనానికి ఎదురుగా, పడమటికి తిరిగి కూర్చున్నాడు.

మొదటి వల ఖాళీ. రెండోదీ ఖాళీ. హాలంతా గొంతు చించుకుని "దక్షిణం!" అంటోంది. దిక్కుల పేర్లు ఆయన ఎదురుగా చిన్న తెర అంచులమీదే ఉన్నాయి. కానీ ఆయనకి చెవిన పడ్డది చేతిదాకా వచ్చేసరికి చేపలు వెళ్ళిపోతున్నాయి. "ఎడమా కుడా?" అంటాడు. ఒక్కరూ చెప్పలేదు. ఫేబీ గోడకి ఆనుకుని పెదవి కొరుక్కుంటోంది. వెనక వరుసలో ఇద్దరు మగవాళ్ళు లేచి నిలబడ్డారు. గంటలో ఇంకా పది నిమిషాలే అయింది. ఇక అందరూ లేచిపోతారనుకున్నాను.

అప్పుడు రెబెక్కమ్మ లేచింది. ఈసారి చెప్పులు గుమ్మం బయటే విడిచి వచ్చిందావిడ. ఫేబీ పిలిపిస్తే పల్లె నుంచి వచ్చి ముందు వరుసలో కూర్చున్న హజరత్తయ్య భుజం మీది ఎర్ర తుండు లాక్కుని, దక్షిణం గోడవైపు గిరగిరా ఊపింది.

"తల ఎత్తి చూడరా నాయనా! ఆ డబ్బాలో ఏముండాది? మమ్మల్ని చూడు!"

నరేంద్రబాబు తలెత్తాడు. నూటయాభై మంది చేతులు ఒకే గోడవైపు. పడవ అటు తిప్పాడు. "తిప్ప! తిప్ప! తూర్పుకి పో!" అంది హాలు. చేతులు తెరవైపు తిరిగాయి. ఆయన పడవనీ అటే తిప్పాడు. ఇక చిన్న తెర చూడటం మానేశాడు. మొహాలు చూస్తున్నాడు. లేచిన ఇద్దరు మగవాళ్ళు బయటికి పోలేదు, కుర్చీల మీదకెక్కి మరీ అరుస్తున్నారు. వల నిండేసరికి హాలు చేసిన గోలకి నా స్పీకర్లు సిగ్గుపడాలి. నాకు ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

హజరత్తయ్య మాత్రం పెదవి విరిచాడు. "ఆలస్యంగా తిప్పినాడు" అన్నాడు.

గంటన్నర అయింది. భోజనాలు చల్లారిపోతున్నాయన్నా ఒక్కరూ లేవలేదు. ఫ్రెడ్డీ ఒకసారి పడవెక్కాడు. చెల్లెలు అరిచిన ప్రతి దిక్కుకీ బుద్ధిగా తిరిగాడు. చివరికి నరేంద్రబాబు చెమట తుడుచుకుంటూ ఫేబీ దగ్గరికొచ్చాడు.

"ఒడ్డు ఉంటుంది, ఫేబీ. ఒప్పుకుంటున్నా. కానీ బయట ఊళ్ళవాళ్ళకి దిక్కులు తెలియవు. వాళ్ళకోసం ఎడమ కుడి పెట్టాల్సిందే."

"నేర్చుకుంటారు సార్" అంది ఫేబీ. "మేము ఎడమ కుడి నేర్చుకోలేదా?"

నరేంద్రబాబు మళ్ళీ వెళ్ళి పడవ కుర్చీలో కూర్చున్నాడు. జనంవైపు చూశాడు.

"సరే. మరి ఉత్తరం ఎటు?"

నూటయాభై చేతులు ఒక్కసారే లేచి చూపించాయి.