పులి చారలు

ఇది మహాగాథ. ఇందులో ప్రయాణముంది, రాజధాని ఉంది, పులి ఉంది. కొంచెం ఆగండి: ప్రయాణం ఎర్రబస్సులో, పులి నిద్రలో. అంతకు మించి ఏమీ లేదు. మొన్న అక్క బిడ్డ వచ్చి, బడి వాళ్లు జూకు తీసుకుపోతున్నారని చెప్పి, "మామా, పులి ఎట్లుంటది?" అని అడిగింది. మా ఇంట్లో ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది బాపు. ఆయన మగ్గం పక్కన కూర్చుని గోడ వైపు చూస్తున్నాడు.

మాది నల్గొండ వైపు చిటికి చీరలు నేసే ఇల్లు. నేయడానికి ముందే నూలుకు దారం బిగించి కట్టి, రంగులో ముంచి, పువ్వు పడాల్సిన చోటే పడేట్టు చేసే ఆ చిటికి కట్టడం బాపు పని. కొన్నేళ్ల కింద ఒక ఏడు పువ్వులు పక్కకు జరగడం మొదలైంది. బాపు నూలును తిట్టాడు, రంగును తిట్టాడు, చివరికి వానను తిట్టాడు. ఆ ఏడు వాన పడనేలేదు. నేనూ అమ్మా ఆయన్ని పట్నంలో కంటి దవాఖానకు తీసుకుపోయాం. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదాన్ని కాపాడుకొమ్మని డాక్టరమ్మ చుక్కల మందు రాసింది. బయటికొచ్చి బాపు రుమాలు దులిపాడు. "గామెకేమెరుక? జూకు పోదాం పా. పులి చారలు ఎట్లున్నయో చెప్త. చెప్పినననుకో, రేపటి సంది మళ్ల చిటికి కడత. లేకుంటే నువ్వే కట్టు." నాకు ఆ పనికి కూర్చుంటే నిద్రొస్తుంది, పులికన్నా ఎక్కువగా.

జూలో ఎండ, పల్లికాయ పొట్టు, ఏనుగు వాసన. కంచె దగ్గర బాపు చాలాసేపు నిలబడి, చెయ్యి చాచాడు. "అగో! దేవుడు ఏం కట్టిండ్రా చిటికి! ఒక్క చార జరగలె."

ఆయన చూపిస్తున్నది ఎండిన మొద్దును. దాని మీద వెదురు నీడలు పడ్డాయి. పులి ఇటు మూలన పడుకుని ఉంది.

"అవ్, మంచిగనే కట్టిండు," అంది అమ్మ.

"నువ్వేమంటవ్‌రా?"

"ధర ఎక్కువ చెప్తడేమో బాపూ," అన్నాను. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు పులి లేచి గుర్రుమంది. బాపు తల ఈ మూలకు తిప్పాడు, మళ్లీ మొద్దు వైపు తిప్పాడు, చెయ్యి దించుకున్నాడు. "బస్సు టైమైతాంది," అన్నాడు.

తిరుగు దారిలో నార్కట్‌పల్లిలో చాయ్ తాగాం. చక్కెర ఎక్కువైంది. చిటికి ఇప్పుడు నేనే కడుతున్నాను, నిద్ర రావడం లేదు. "ఇంకోపారి పోదాంరా, గా పులిని జర దగ్గరికెళ్లి చూస్త," అని బాపు ఒక్కసారే అన్నాడు. పోదామనే అన్నాను. కాలం అన్నీ సర్దుతుందంటారు గానీ, ఆ తర్వాత దవాఖాన వాళ్లు మాకిచ్చే తారీఖులన్నీ సోమవారాలే. జూకు సోమవారం సెలవు.