నేల మీది నుంచి లేవడం

బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో, మాత్రల ప్యాకింగ్ విభాగంలో, ఇరవై ఆరేళ్లు నిలబడి పనిచేశాను. రిటైరైన రోజు ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తూ, ఇక ఈ కాళ్లను కష్టపెట్టనని నాకు నేనే మాట ఇచ్చుకున్నాను. నాలుగేళ్లు ఆ మాట మీద నిలబడ్డాను. సోఫాలో కూర్చుని టీవీ చూశాను. ఇంటి ముందుకొచ్చే ఆటోలో కూరగాయలు కొన్నాను. మూడు పూటలా అన్నమే తిన్నాను. షుగర్ వచ్చింది. మోకాళ్ల నొప్పులు సరేసరి. వయసు మీద పడితే ఇవన్నీ మామూలే అనుకున్నాను.

అరవై రెండో ఏట ఒక ఆదివారం ఆ ధీమా పోయింది. మా చర్చిలో ఆడవాళ్లం చాపల మీద కూర్చుంటాం. ప్రార్థన అయ్యాక అందరూ లేచారు, నేను లేవలేకపోయాను. చేతులు నేలకు ఆనించి రెండుసార్లు ప్రయత్నించాను. నడుము లేచింది గానీ కాళ్లు సహకరించలేదు. చివరికి ఇద్దరు వచ్చి చంకల కింద చేతులు వేసి పైకి లాగారు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే అంత సిగ్గుగా ఉండేది కాదేమో. పాస్టర్ గారి భార్య నా చెయ్యి పట్టుకుని, వచ్చే వారం నుంచి వెనక ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయిస్తానంది. సరేనన్నాను. కానీ ఈ ఏడు నేల మీద కూర్చోవడం మానేస్తే, వచ్చే ఏడు ఇంకేం మానేయాల్సి వస్తుందోనని దారంతా భయం వేసింది. భయం కంటే నా మీద నాకు కోపమే ఎక్కువ వచ్చింది.

మర్నాడే సంగారెడ్డి ఆసుపత్రికి వెళ్లాను. డాక్టర్ ఎక్స్‌రే చూసి ఫిజియోథెరపీ గదికి పంపాడు. అక్కడి అమ్మాయికి మా చిన్నకూతురి వయసు ఉంటుంది. కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఆనించకుండా లేవమంది. నాలుగోసారికే ఆయాసం వచ్చింది.

"అమ్మా, మోకాళ్లు కొంచెం అరిగినయ్, నిజమే. గని మీ తొడలల్ల బలం పోయింది. వాడకుంటే పోతది. ఈ వయసులైనా వాడితే మళ్ల వస్తది," అంది.

ఎన్నాళ్లకు వస్తుందని అడిగాను. మూడు నెలలు రోజూ చేశాక వచ్చి ఆ మాట అడగమంది. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలు ఎత్తడం నేర్పింది. పడిపోతే ఎలా లేవాలో కూడా నేల మీద పడుకోబెట్టి చేయించింది.

ఇంట్లో మొదలుపెడితే మా ఆయన పేపర్ పక్కన పెట్టి చూశారు. ఆయన పటాన్‌చెరులో ఒక కంపెనీ బాయిలర్ దగ్గర పనిచేసి రిటైరయ్యారు. బీపీ ఉంది, కదలిక లేదు. ఈ వయసులో మనకు కసరత్తులేమిటని విసుక్కున్నారు. నేను ఇంకొంచెం గట్టిగా లెక్కపెట్టాను.

నడకకు పక్కింటి అక్కను తోడు రమ్మన్నాను. ఆమెకు డెబ్బై దాటాయి. ఇప్పటికీ షేర్ ఆటోలో కంది ఊరి దిక్కు కలుపు తీయడానికి పోతుంది. "పని లేకుండ ఉత్తగ నడుసుడేంది?" అని ఆశ్చర్యపోయింది గానీ, కూలికి పోని రోజుల్లో వచ్చింది. హైవే మీద లారీలు, దుమ్ము. అందుకని లోపలి రోడ్డున కంపెనీ బస్సులు ఆగే చోటు దాకా వెళ్లి తిరిగొచ్చేవాళ్లం. పొద్దటి షిఫ్టుకు నిలబడ్డ ఆడవాళ్లు, డ్యూటీకి పోతున్నారా అని నన్ను ఆటపట్టించేవాళ్లు. అవునని చెప్పేదాన్ని.

జొన్నరొట్టె చేయడం కూడా అక్కే మళ్లీ నేర్పింది. మా అమ్మ చేతి రొట్టెలు తిని పెరిగిన నేను, చెయ్యడం మర్చిపోయాను. మొదటి వారం ఒక్కటీ గుండ్రంగా రాలేదు. ముక్కలనే ఆకుకూరతో తిన్నాం. అన్నం మధ్యాహ్నానికే ఉంచాను. షుగర్ మాత్రలు మాత్రం మానలేదు.

రెండో నెలలో తొందరపడి మేడమెట్లు పదిసార్లు ఎక్కి దిగాను. మోకాలు వాచింది. వారం రోజులు నడక తగ్గించమని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. ఆ వారం నన్ను నేను ఆపుకోవడమే అన్నిటికంటే కష్టమైంది. నాలుగో నెలలో చర్చిలో మళ్లీ చాప మీద కూర్చున్నాను. లేచేటప్పుడు పక్కామె చెయ్యి చాపితే వద్దన్నాను. ఒక చెయ్యి నేలకు ఆనించి, నెమ్మదిగా, సొంతంగా లేచాను.

ఆ చలికాలం ఒక ఉదయం, నడక నుంచి వచ్చేసరికి మా ఆయన వెనకవైపు బట్టలుతికే చోట పడి ఉన్నారు. తడికి కాలు జారింది. నల్లా పైపు పట్టుకుని లేవబోతున్నారు, అది ఊగుతోంది. అంతకు ముందు ఏడాదైతే కేకలు పెట్టి వీధిలోకి పరిగెత్తేదాన్ని. ఇప్పుడు ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను.

"లేవకుండ్రి. జెర ఆగుండ్రి. తలకు తాకిందా? తుంటి నొస్తుందా?"

లేదన్నారు. రెండు కాళ్లూ కదిలించమన్నాను, కదిలించారు. కాసేపు ఊపిరి తీసుకోనిచ్చి, పక్కకు తిరగమన్నాను. మోచేతి మీద లేచి, చేతులూ మోకాళ్లూ ఆనించి వంగమన్నాను. కుర్చీ తెచ్చి ముందు పెట్టి, కదలకుండా పట్టుకున్నాను. ఆయన దాని మీద రెండు చేతులు వేసి, ఒక పాదం ముందుకు మోపి, మెల్లగా లేచి కూర్చున్నారు.

"నీకు గిదంత ఎవరు చెప్పిన్రు?" అని అడిగారు.

"రోజు మీ ముందల్నే చేస్తున్న గద."

డాక్టర్ చూసి, మోచెయ్యి కమిలింది తప్ప ఇంకేం కాలేదన్నాడు. తర్వాతి సోమవారం ఆయన నా పక్కన ఇంకో కుర్చీ వేసుకున్నారు. ఆరుసార్లు లేచి ఏడోసారికి ఆగిపోయారు. రేపు ఏడు చేద్దామన్నాను.

ఇది జరిగి ఏడాది దాటింది. నా మోకాళ్లు ఇంకా నొస్తూనే ఉన్నాయి, పొద్దున లేవగానే మొదటి పది అడుగులు కష్టమే. ఆయనకు బద్ధకం పూర్తిగా పోలేదు. ఈ రోజు కూడా కుర్చీ దగ్గర ఎనిమిది అయ్యాక తొమ్మిది మింగేసి పది అన్నారు. నేను వినలేదనుకున్నారు. కూర్చోబోతుంటే ఆపి, తొమ్మిది మళ్లీ చేయించాను.