మా తోడల్లుడూ, నా మెకానికల్ బాణమూ

ఈమధ్య నేను అత్తారింటి వైపు వెళ్ళడం తగ్గించాను. గొడవలేం లేవు. అలకా కాదు. మా ఆవిడ పద్మ మాత్రం అడిగినవాళ్ళందరికీ "ఆయనకి షాపులో పని" అని చెప్తోంది. కాశీబుగ్గలో మోటార్లకి వైండింగ్ చేసే షాపు నాది. ఈ వానల్లో పొలం మోటారు ఎవడు తెస్తాడు? పొద్దంతా ఈగలు తోలుకుంటున్నాను. అసలు సంగతి వేరే. టీ చెప్పండి, చెప్తాను. మధ్యలో నవ్వితే మాత్రం ఆపేస్తాను.

మా అత్తారిది సుమ్మాదేవి స్టేషన్‌లో దిగి ఆటోలో వెళ్ళాల్సిన ఊరు. కొబ్బరి, జీడి కలిసిన తోట, ఆ తోటలో మా మావ తవ్వించుకున్న చిన్న చేపల చెరువు. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. చేపల పులుసు వండిన రోజు తలకాయ పెద్దల్లుడి కంచంలో పడాలి. ఎవరూ పెట్టిన రూలు కాదు, అలా జరిగిపోతోంది అంతే. నా పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ తలకాయ నాదే. మీకు నవ్వులాటగా ఉండొచ్చు. మనం బయట ఎంతమందికి లోకువైనా, ఒక్క ఇంట్లో తలకాయ మనకి పడుతోందంటే ఆ దర్జా వేరు.

అలాంటి ఇంట్లోకి తోడల్లుడు దిగాడు. పేరు కిరణ్. మా మరదలి మొగుడు. విశాఖపట్నంలో కంపెనీ ఉద్యోగం. పొడుగు, రంగు, ఒత్తయిన జుట్టు. నన్ను "అన్నయ్యా" అని ఎంత మర్యాదగా పిలుస్తాడంటే, తిట్టుకోడానికి సందు కూడా ఇవ్వడు. కాస్త పొగరున్నవాడైతే నా పని సులువయ్యేది. వాడు మంచివాడు. నాకు మంటంతా అదే.

మొన్న ఎండాకాలంలో వాడు విల్లు పట్టుకొచ్చాడు. విల్లంటే వెదురుబద్దకి తాడు కట్టింది కాదండోయ్. రెండు చివరలా చక్రాలు, ఆ చక్రాల మీంచి తీగలు, చూస్తే నాకే ముచ్చటేసింది. కాంపౌండ్ బౌ అంటారట. ఆదివారాలు ఏదో క్లబ్బుకెళ్ళి నేర్చుకుంటాడట. బాణానికి నైలాన్ తాడు కట్టి, చెరువు గట్టు మీద నిలబడి, ఇంటిల్లిపాదీ చూస్తుండగా ఒక బొచ్చె చేపని కొట్టి ఒడ్డుకి లాగాడు. మా మావ వాడి భుజం తట్టాడు. నా భుజం ఆయన ఎప్పుడు తట్టాడా అని గుర్తుచేసుకున్నాను. గుర్తు రాలేదు.

ఆ మధ్యాహ్నం అందరం భోజనాలకి కూర్చున్నాం. అత్త పులుసు గిన్నెతో నా దగ్గరికొచ్చింది. గరిటె లేచింది. గరిటెలో తలకాయ. అలవాటు ప్రకారం నేను కంచం కాస్త ముందుకి జరిపాను. గరిటె నన్ను దాటుకుని కిరణ్ దగ్గరికి వెళ్ళిపోయింది.

"కొట్టిన బాబుకి ఎయ్యాల కదా" అంది అత్త.

నాకు తోక ముక్క పడింది. తిరుగు రైల్లో పద్మతో అన్నాను, "మీ అమ్మ నాకు తోక ముక్క వేసింది. అందులో అన్నీ ముళ్ళే."

"మీకు ముళ్ళు తియ్యడం బాగా వచ్చని ఏసుంటాది" అంది. తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ కూచుంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

ఇది జరిగిన కొన్నాళ్ళకి మావ ఫోన్ చేశాడు. చెరువులోకి వరద నీళ్ళతో పాటు ఒక వాలుగ చేప దూరిందట. పెద్ద నోరు, పొడుగు మీసాలు. పెంచడానికి వేసిన చేపపిల్లల్ని వేసినవి వేసినట్టే మింగేస్తోందట. వల వేస్తే బురదలోకి దూరిపోతోందట.

"ఏటి సెయ్యాలో తెలీడం లేదు బాబూ. వచ్చే నెల కిరణ్ బాబు వత్తన్నాడు కదా, ఆ బాబే సూసుకుంటాడు" అన్నాడు.

ఫోన్ చేసింది నాకు. చెప్పుకున్నది నాతో. చూసుకునేది కిరణ్ బాబు. అప్పుడు పుట్టింది నాకు పట్టుదల. ఆ వాలుగని నేనే కొట్టాలి, దాని తలకాయ నా కంచంలోకి రావాలి, పోయిన మర్యాద తిరిగి రావాలి. ఆ రాత్రే ఆన్‌లైన్లో విల్లు ఆర్డరు పెట్టేశాను. వాడిదంత ఖరీదుది కాదు, చక్రాలు మాత్రం ఉన్నాయి. పార్సిల్ తెచ్చిన కుర్రాడు డబ్బా మీద బొమ్మ చూసి "ఎలుగుబంటికేటి అన్నా?" అన్నాడు. ఎలుగులు ఊళ్ళమీద పడే మా ఉద్దానంలో అడగాల్సిన ప్రశ్నే. "అడివి జంతువు జోలికెళ్తే ఫారెస్టువాళ్ళు నా తోలు తీస్తారు. ఇది మా మావ సొంత చెరువులో చేపకి" అని సర్దిచెప్పి పంపాను.

విల్లయితే వచ్చింది. అసలు తిప్పలు ములికి దగ్గర మొదలయ్యాయి. బాణం చివర బిగించే ఇనప మొన అన్నమాట. అందులో రెండు రకాలు. ఒకటి ఫిక్స్‌డ్. దాని రెక్కలు కదలవు, ఎప్పుడూ విచ్చుకునే ఉంటాయి. రెండోది మెకానికల్. దాని రెక్కలు లోపలికి మడుచుకుని ఉంటాయి, చిన్న రబ్బరు రింగు పట్టుకుని ఉంటుంది, దేనికైనా తగలగానే టప్పున తెరుచుకుంటాయి. ఏది మంచిదని వీడియోలు చూశాను. ఫిక్స్‌డ్ వాళ్ళు మెకానికల్ వాళ్ళని తిడుతున్నారు. మెకానికల్ వాళ్ళు ఫిక్స్‌డ్ వాళ్ళ తాతముత్తాతల దాకా వెళ్తున్నారు. కామెంట్లు చదివి తల తిరిగింది.

చివరికి సిగ్గు విడిచి కిరణ్‌కే ఫోన్ చేశాను. నాకోసమని చెప్తానా?

"తమ్ముడూ, నాకు తెలిసినవాడొకడు అడుగుతున్నాడు. చెరువులో చేపని కొట్టాలంటే ఫిక్స్‌డ్ మంచిదా, మెకానికల్ మంచిదా?"

"ఫిక్స్‌డే అన్నయ్యా, ఇంకో మాట లేదు. మెకానికల్ నీళ్ళకి తగలగానే తెరుచుకుంటుంది. బాణం దారి తప్పిపోతుంది. మీ ఫ్రెండుకి చెప్పండి, కావాలంటే నా దగ్గర ఎక్స్‌ట్రా ఫిక్స్‌డ్ ఒకటుంది, కొరియర్ చేస్తాను."

ఫోన్ పెట్టేసి ఆలోచనలో పడ్డాను. మనిషన్నవాడు ఊరికే ఇంత మంచి సలహా ఇస్తాడా? పైగా వస్తువు కూడా ఇస్తానంటున్నాడు. అంటే నా చేతికి మెకానికల్ రావడం వీడికి ఇష్టం లేదు. అది వస్తే తన ఆట కట్టని తెలుసు వీడికి. పైగా మెకానికల్ అన్న మాటలోనే నా బతుకంతా ఉంది. మోటార్లు విప్పి బిగించే మనిషికి, కదిలే పార్టున్నది మంచిదా, కదలని ఇనప ముక్క మంచిదా?

"మా మరిది ఫిక్స్‌డ్ అన్నాడు కదా, అదే కొనండి" అంది పద్మ.

"అందుకే కొనను."

అట్లకాడ చేతిలో పట్టుకుని నావైపు తిరిగింది. "మీరు సేపని కొట్టడానికి కొంటన్నారా, మా మరిదిని కొట్టడానికి కొంటన్నారా?"

మెకానికల్ కొన్నాను.

షాపు వెనక గోనెసంచీలో కొబ్బరి పీచు కుక్కి ప్రాక్టీసు మొదలుపెట్టాను. మొదట్లో బాణాలు గోడకి తగిలాయి, నీళ్ళ డ్రమ్ముకి తగిలాయి. పోనుపోను సంచీకి తగలసాగాయి. మెకానికల్ ములికి సంచీకి తగిలి రెక్కలు విప్పుకుంటుంటే ఎంత సొగసుగా ఉండేదో. పక్క టైర్ల షాపు అప్పారావు చూసి, "మావా, గొడుగులాగ తెరుసుకుంటందిరా" అన్నాడు. నాకు వాలుగ పని అయిపోయిందనిపించింది. నీళ్ళలో ప్రాక్టీసు చెయ్యలేదా అని మీరు అడుగుతారు. సంచీ మీద బాగా వస్తుంటే నీళ్ళ దాకా ఎవడెళ్తాడు?

ఆ మరుసటి నెల ఒక ఆదివారం అందరం అత్తారింట్లో చేరాం. నా చేతిలో విల్లు చూసి కిరణ్ మొహం మాడిపోతుందనుకున్నాను. వాడు పరిగెత్తుకొచ్చి, "అన్నయ్యా, మీరు కూడానా, ఇంక మనిద్దరం కలిసి ప్రాక్టీసు చెయ్యొచ్చు" అని చెయ్యి పట్టుకుని ఊపేశాడు. వాడి మంచితనం తగలెయ్య.

ఇక్కడ మీకు సిట్టెమ్మ గురించి చెప్పాలి. అదే చెరువులో మెట్ల దగ్గర ఉండే ముసలి బొచ్చె చేప. అత్త పెట్టిన పేరు అది. పొద్దున్నే అత్త మెట్లు దిగి నీళ్ళలో చెయ్యి ఆడిస్తే చాలు, వచ్చి నోరు తెరుస్తుంది. చేతిలోంచి అన్నం మెతుకులు తింటుంది. అత్త తన మోకాళ్ళ నొప్పి గురించి, మావ మాట వినకపోవడం గురించి దానికే చెప్పుకుంటుంది. అమ్మకానికి చేపలు పట్టిన రోజున కూడా అది వలలో పడితే మావ రెండు చేతులా ఎత్తి మళ్ళీ చెరువులో వదిలేస్తాడు. ఆ ఉదయం కూడా అత్త దానికి మెతుకులు పెట్టి అప్పుడే గట్టెక్కింది.

చెరువు నడిమధ్యలో నీళ్ళు కదిలాయి. నల్లటి వీపు ఒకటి పైకి తేలింది. "అదే, అదే వాలుగ" అన్నాడు మావ గొంతు తగ్గించి.

"మొదట మీరే వెయ్యండి అన్నయ్యా, పెద్దవాళ్ళు" అన్నాడు కిరణ్. అంతలో నా బాణం కొస చూశాడు. "అన్నయ్యా, ఇది మెకానికల్ కదా. నీళ్ళలో..."

"నాకు తెలుసు" అన్నాను.

లాగాను. గురి చూశాను. అత్త, మావ, పద్మ, మరదలు, అందరూ నన్నే చూస్తున్నారు. జీవితంలో మొదటిసారి ఆ గట్టు మీద అందరూ నన్నే చూస్తున్నారు. వదిలాను.

బాణం తిన్నగా వాలుగ మీదికే వెళ్ళింది, దేవుడి సాక్షిగా చెప్తున్నాను. నీళ్ళని తాకేదాకా తిన్నగానే వెళ్ళింది. నీళ్ళు తాకగానే రెక్కలు రెండూ టప్పున తెరుచుకున్నాయి. బాణం ఒక్క గెంతు గెంతి, పక్కకి తిరిగి, మెట్ల వైపు దూసుకుపోయి మునిగింది. వాలుగ మీసం కూడా కదలనట్టు కిందికి జారుకుంది.

కానీ బాణానికి కట్టిన తాడు నా చేతిలో బిగిసింది. అవతల ఏదో గింజుకుంటోంది. నాకు ఒళ్ళంతా పులకరించింది.

"పడింది మావా, పడింది" అంటూ లాగుతున్నాను. ఎవరూ మాట్లాడటం లేదు. నా ప్రతాపం చూసి నోట మాట రావడం లేదనుకున్నాను. కిరణ్ ఒక్కడే "అన్నయ్యా, ఆగండి" అంటున్నాడు. వాడు ఓర్చుకోలేకపోతున్నాడనుకుని ఇంకా గట్టిగా లాగాను. వెండిలా మెరుస్తూ పెద్ద బొచ్చె ఒకటి గట్టు మీద పడింది. వాలుగ కాకపోతేనేం, కిరణ్ కొట్టినదానికి రెండింతలుంది. గర్వంగా అత్త వైపు తిరిగాను.

ఆవిడ చేతికి ఇంకా అన్నం మెతుకులు అంటుకునే ఉన్నాయి.

"అది మా సిట్టెమ్మ, బాబూ" అంది.

ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. తిట్టలేదు. పక్కన కూచుని దాని వీపు నిమిరింది. కాసేపటికి లేచి, "సచ్చిపోనాది. ఏటి సేత్తాం, పారబొయ్యలేం కదా" అని తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మావ తోటలోకి వెళ్ళిపోయాడు. కిరణ్ తన విల్లు బయటికే తియ్యలేదు. సంచీ జిప్పు వేసేసి మావ వెనకే వెళ్ళాడు. గట్టు మీద నేనూ, పద్మా మిగిలాం. పద్మ నన్నొక చూపు చూసింది. ఆ చూపు గురించి వివరంగా చెప్పలేను, మీకందరికీ పెళ్ళిళ్ళయ్యాయి కదా.

మధ్యాహ్నం భోజనాలకి కూర్చున్నాం. అత్త పులుసు గిన్నె తెచ్చింది. ఈసారి గరిటె ఎక్కడా ఆగకుండా, ఎవరినీ చూడకుండా, నేరుగా నా దగ్గరికొచ్చింది. తలకాయ నా కంచంలో పడింది. నోరు తెరిచే ఉంది.

"మొగమాటపడకండి బాబూ, తినండి" అంది.

మావ ఆకలి లేదన్నాడు. మరదలు పెరుగన్నం చాలంది. కిరణ్ గిన్నెకి చెయ్యి అడ్డం పెట్టి, "నాకొద్దు అత్తయ్యా. పొద్దున్నే మీ చేతిలోంచి తినడం చూశాను, తినలేను" అన్నాడు. నిజంగానే వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అత్త వాడి వైపు అలా చూసి, కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఎన్నపూసలాటి మనసు బాబూ నీది" అంటూ వంటింట్లోకి వెళ్ళింది. చుయ్యిమని చప్పుడైంది. ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు వేగే వాసన వచ్చింది. ఆమ్లెట్ తెచ్చి కిరణ్ కంచంలో వేసి, పక్కనే కూచుని విసనకర్రతో విసిరింది. కరెంటు ఉంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. అయినా విసిరింది. తర్వాత మావకొకటి, మరదలికొకటి, పద్మకొకటి. నా దగ్గరికొచ్చేసరికి, "మీకు తలకాయ ఉన్నాది కదా" అని పెనం దించేసింది.

నేను తలకాయ తిన్నాను. తినకపోతే ఇంకా బాగుండదు. ఒక్కో ముక్కా నములుతుంటే అందరూ మర్యాదకి నావైపు చూడటం మానేశారు.

పాపం చేశానని నాకు తెలుసు. మీ దగ్గర దాపరికం దేనికి, సిట్టెమ్మ కోసం నేను బాధపడింది సాయంత్రం రైలెక్కేదాకానే. ఆ ఆమ్లెట్ కోసం మాత్రం ఇప్పటికీ కడుపు రగిలిపోతోంది. వాడికి రెండు గుడ్లు కొట్టి వేసిందండీ.